ఎలియేజరు ఎడమ కన్ను

గాలి ఇంకాస్త గట్టిగా వీస్తే బాగుండుననుకుంది ఎస్తేరు. ఆ మధ్యాహ్నం బహ్రెయిన్ మొత్తం మీద అలా కోరుకున్న మనిషి ఆమె ఒక్కతే అయివుంటుంది. ఒంటిగంటకు మొదలైన దుమ్ము తుఫాను మూడయ్యేసరికి ఎదుటి బిల్డింగునూ, దాని పక్కన మసీదు మినారునూ, రోడ్డు మీది ఖర్జూరపు చెట్లనూ ఒక్కొక్కటిగా మాయం చేసేసింది. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కింది, తలుపు కింద పాత దుప్పటి చుట్టి పెట్టింది, ఏసీ ఆపేసింది. అయినా నాలుక మీద మట్టి రుచి, పక్క గదిలో ఎవరో గోడ చెక్కుతున్నట్టు వాసన, పట్టపగలు లైటు వేస్తే లైటు చుట్టూ పసుపు పొడి. కింద పార్కింగులో ఏదో కారు అలారం మోగీ మోగీ తనంతట తనే అలిసిపోయింది. రానీ, ఇంకా రానీ. ఆ హోరు ఎంత పెద్దదైతే దాని కింద ఆమె ఊదే చప్పుడు అంత భద్రంగా దాక్కుంటుంది. తన ఇత్తడి కార్నెట్ వాయిస్తే వినపడుతుందని కాదు భయం. ఏడేళ్ళుగా ఈ బిల్డింగువాళ్ళు వింటున్నదే, మొదట్లో విసుక్కున్నవాళ్ళే ఇప్పుడు లిఫ్టులో పలకరించి ఏమ్మా ఈ మధ్య వినపడటం లేదు అని అడుగుతున్నారు. వినపడకూడనిది వాయించలేకపోవడం. అది మాత్రం ఎవరికీ వినపడటానికి వీల్లేదు.

సోఫా మీద నల్లపెట్టె మూత తెరిచి ఉంది. పక్కనే ఫోను, అందులో స్టెల్లా పెట్టిన వాయిస్ మెసేజి. పొద్దున్నించి నాలుగుసార్లు విన్నది, నాలుగుసార్లూ చివరి ముక్క దగ్గరే ఫోను బోర్లా పెట్టేసింది. "అక్కా, సాయంత్రం ఐదింటికల్లా చెప్పెయ్యక్కా. ఈస్టరు ప్రోగ్రాం లిస్టు గ్రూపులో పెట్టాలి. నీకు ఎలర్జీ తగ్గకపోతే ఏం పర్లేదు, మొహమాటపడమాక. మన కొత్త కీబోర్డులో ట్రంపెట్ బటనుంది, అచ్చం నీ కార్నెట్ లాగే ఉంటది." పిచ్చిది, మంచి మనసుతోనే అంది. తెలుగు ఫెలోషిప్ పాటల బాధ్యతంతా తన నెత్తిన వేసుకుని మోస్తున్న పిల్ల, దానికి ఇది ఒక తలనొప్పి తీరడమే. కానీ బటను! ఈస్టరు తెల్లవారుజామున, అందరూ డ్యూటీలకు పోకముందే, చర్చి హాల్లో లైట్లన్నీ ఆర్పేసి నూటయాభై మంది చీకట్లో నిలబడతారు. ఒక్కళ్ళూ దగ్గనైనా దగ్గరు. అప్పుడు వెనక తలుపు దగ్గర్నించి కార్నెట్ లేస్తుంది, ఒంటరిగా, పై స్వరంతో మొదలుపెట్టి. ఆ స్వరం విన్నాకనే మొదటి కొవ్వొత్తి వెలుగుతుంది. ఊళ్ళో అయితే సమాధుల తోటలో, సున్నం కొట్టిన సమాధుల మధ్య జరిగేది ఇది. ఇక్కడ సమాధులు లేవు, వీధిలో వాయించే వీల్లేదు, ఉన్నదల్లా ఆ చీకటీ ఆ ఒక్క స్వరమూ. చీకట్లో ఎవరో వేలితో బటను నొక్కుతారు. అంతేనా! ఐదింటికి ఇంకా రెండు గంటలు కూడా లేదు. ఈ రెండు గంటల్లో పై స్వరం పలికితే వాయిస్తానని చెబుతుంది, పలకకపోతే బటనే నొక్కుకోండమ్మా అని చెబుతుంది, చెప్పి పెట్టెకు తాళం వేస్తుంది. ఇక దేవులాట లేదు. తొమ్మిది వారాలు చాలు.

తొమ్మిది వారాల కిందట ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే పుక్కిలించిన నీళ్ళు ఎడమ మూలనించి జారి నైటీ తడిపేశాయి. అద్దంలో చూసుకుంటే సగం మొహం ఇంకా నిద్ర లేవలేదు. పంతొమ్మిదేళ్ళు నర్సుగా చేసినదానికి, అందులో ఆరేళ్ళు ఇక్కడ సల్మానియాలోని పెద్దాసుపత్రిలో, ఆ మొహాన్ని చూడగానే మొదట గుర్తొచ్చేది స్ట్రోకు. బేసిన్ అంచు పట్టుకుని నుదురు ముడివేసి చూసింది. కుడిపక్క గీతలు పడ్డాయి, ఎడమపక్క నుదురు పలకలా నున్నగా ఉండిపోయింది. అమ్మయ్య అనుకుంది. సగం మొహం చచ్చుపడిన ఆడమనిషి అద్దం ముందు అమ్మయ్య అనుకోవడం భర్త జయకర్‌కు అర్థం కాలేదు, ఆయన అప్పటికే ఏడుపు మొహంతో కారు తాళాలు వెతుకుతున్నాడు. మెదడులో తేడా వస్తే నుదురు కదులుతుంది, నుదురు కూడా కదలకపోతే అది ఉత్త నరం, నరం మళ్ళీ మొలుస్తుంది. ఆయనకు ఇదంతా వంకర మూతితోనే చెప్పింది, ప అనబోతే ఫ వచ్చింది, ఇద్దరూ భయంలోనే నవ్వారు. మాత్రలు వాడింది, రాత్రుళ్ళు మూతపడని కంటికి టేపు అంటించుకుంది, ఫిజియోథెరపీలో పనిచేసే లక్ష్మిప్రసన్న చెప్పినట్టు రోజుకు నాలుగుసార్లు బుగ్గలు పూరించింది, బెలూన్లు ఊదింది, ఈలలు వేయబోయింది. మొహం తిరిగొచ్చింది, చాలావరకు. కొత్తవాళ్ళు చూస్తే తెలియదు. లక్ష్మిప్రసన్న కూడా చప్పట్లు కొట్టి "ఇంకేంటి మేడమ్, ఖలాస్" అనేసింది. లక్ష్మిప్రసన్న కార్నెట్ వాయించదు.

కార్నెట్ చేతిలోకి తీసుకుంది. చల్లగా, బరువుగా, మూడు మీటల మీదా నాన్న వేళ్ళు అరగదీసిన పల్లాలు. ఏడేళ్ళ కిందట తన బ్యాండు మూసేసిన రోజున నాన్న దీన్ని ఆమె ఒళ్ళో పెట్టి, పెట్టెలో పడుకోబెట్టమాకే, చిలుము పట్టుద్ది అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళకు పోయాడు. మౌత్‌పీసు పెదాలకు ఆనించింది, నట్టనడుమ, ముక్కుకు సూటిగా. ఊపిరి నింపి ఊదింది. కింది స వచ్చింది, ఎవరో దుప్పటి కప్పుకుని గొణిగినట్టు, వచ్చింది గానీ నిలవలేదు. మీటలు నొక్కకుండానే పలకాల్సినవి మూడు స్వరాలు, కింది స, ప, పై స. మీటల పని తర్వాత, ముందు ఈ మూడూ పెదాలే పలికించాలి. ప కోసం పెదాలు బిగించింది. ఎడమ మూల వదులైపోయి గాలి తుస్సుమంది. సైకిల్ ట్యూబులో కన్నం వెతికేటప్పుడు బుడగలు వచ్చే చోటు లాగా అక్కడే, రోజూ అక్కడే. వేలు పెట్టి ఆ మూల నొక్కి పట్టుకుని ఊదింది. ప వచ్చి, వణికి, చచ్చింది. బయట గాలి మాత్రం ఏ వంకరా లేకుండా, ఏ కిటికీ దొరికితే ఆ కిటికీలో, కింది స నుంచి పై స దాకా అలవోకగా ఊదేస్తోంది. దానికి మూతి లేదు కాబట్టి సరిపోయింది. ఎస్తేరుకు ఒళ్ళు మండింది.

ఈ హోరు ఆమెకు కొత్త కాదు. రేపల్లెలో తుఫాను ఇంత పొడిగా ఉండదు గానీ గొంతు ఇదే. మిగతా పిల్లలు తుఫానొస్తే బడి లేదని సంబరపడేవాళ్ళు, ఎస్తేరు పాఠం ఉందని సంబరపడేది. నాన్న ఎలియేజరు బ్యాండంటే చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. పన్నెండు మంది, ఎర్రకోట్లు, భుజాల మీద జరీ ఊడిపోయిన కుచ్చులు. పెళ్ళి ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది వాళ్ళు, భోజనాల్లో అందరికంటే చివరి బంతి వాళ్ళది. అందులో ఆడపిల్లకు చోటు లేదు. ఆడపిల్ల కార్నెట్ ఊదితే పెదాలు మొద్దుబారతాయి, ఎవడు చేసుకుంటాడు అని పేటలో అనేవాళ్ళు. నాన్న వాళ్ళతో వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. ఆకాశం నల్లబడి, రేడియోలో హెచ్చరికలు మొదలై, బుకింగులు రద్దయి, కరెంటు పోయి, రేకుల మీద వాన డప్పులు మొదలుపెట్టాక తలుపు గడియ వేసి, రావే అని పిలిచేవాడు. ఆ హోరులో పక్కింటివాళ్ళకు కూడా వినపడదు. చీకట్లో తండ్రీ కూతురూ ఎదురెదురుగా పీటల మీద. నాన్న ఎలా ఊదుతున్నాడో చూద్దామని కళ్ళు చిట్లించి ముందుకు వంగితే చెవి మెలిపెట్టేవాడు. "నన్ను చూడమాకే, నే చెప్పేది ఇను. మౌత్‌పీసు నట్టనడుమ ఉండాల. ముక్కుకి సూటిగా. పక్కకి పోయిందా, జన్మలో పై స్వరం పలకదు." నడుమ, నడుమ, నడుమ. ఏటా రెండు మూడు తుఫాన్ల చొప్పున ఎనిమిదేళ్ళు నేర్చుకుంది. ఆ మాట ఎముకల్లో ఇంకిపోయింది, ఇప్పుడు నిద్రలో లేపి చేతిలో కార్నెట్ పెట్టినా నడుమనే పెట్టుకుంటుంది.

తువ్వాలు ఒకటి ఆరిపోయి కిటికీ సందు ఈల వేయడం మొదలుపెట్టింది. లేచి వెళ్ళి తడిపి మళ్ళీ కుక్కింది. ఎన్ని తువ్వాళ్ళు, ఎన్ని అబద్ధాలు. ఫెలోషిప్‌లో ఎవరికీ చెప్పలేదు. మాస్కు పెట్టుకుని వెళ్ళింది, దుమ్ము ఎలర్జీ అంది. కరోనా తర్వాత మాస్కు ఎవరూ పట్టించుకోరు, అందులో ఇది దుమ్ముల కాలం. పాటలప్పుడు పెదాలు కదిపింది, మాస్కు వెనక ఏ పెదం కదిలిందో ఎవరికి తెలుసు. ఎందుకు దాచావు అని జయకర్ అడిగితే నర్సు కదా, నర్సుకే జబ్బంటే బాగోదు అని ఏదో అంది. అది కారణం కాదు. మూతి వంకర పోయిందట అన్న మాట ఒకసారి పుడితే మూతి సరైపోయాక కూడా ఆ మాట మిగిలిపోతుంది. ఎవరు వాయిస్తారు అంటే, ఎస్తేరక్క వాయించేది పాపం, అంటారు. ఆ పాపం అనే మాటకు భయం. దానికంటే బటనే నయం. నయమేనా? కాదు, నయం కాదు. ఆమెకు ఆ స్వరం కావాలి. నలభైమూడేళ్ళ మనిషికి ఇంత మంకుపట్టు తగదని తెలుసు, అయినా కావాలి. ఏడాదంతా ఎవరెవరి సెలైన్లో, ఎవరెవరి పక్కబట్టలో మారుస్తూ తిరిగే మనిషి ఆ ఒక్క నిమిషం పాటు ఎలియేజరు కూతురు. ఆ నిమిషం వదులుకోవడం ఆమెకు చేతకాదు.

మళ్ళీ ఊదింది. స. ఫర్వాలేదు. ప. వచ్చింది, రెండు క్షణాలు, మూడు, బిగించు, ఇంకా బిగించు, ఎడమ మూల వణుకుతోంది, కళ్ళు మూసుకోకుండా ఊదు అని తనకు తానే చెప్పుకుంది, తుస్సుమంది. ఎడమ కంట్లోంచి నీళ్ళు బుగ్గ మీదికి జారాయి. దుమ్మేమోననుకుని అరచేత్తో తుడుచుకుంది. ఇంకోసారి బిగించింది, ఇంకోసారి జారాయి. దుమ్ము కాదు. పెదం బిగిసినప్పుడల్లా ఎడమ కన్ను చిన్నదై చెమ్మగిల్లుతోంది. ఇదీ తెలిసిన సంగతే, డాక్టరు ముందే చెప్పాడు. దెబ్బతిన్న నరం మళ్ళీ మొలిచేటప్పుడు దారి తప్పుతుంది, మూతికి పోవాల్సిన తీగ కంటికి పోతుంది. మూతి కదిపితే కన్ను మూస్తుంది, తింటుంటే కన్ను కారుతుంది. కొందరికి జన్మంతా ఉండిపోతుంది. ఫర్వాలేదులే అనుకుంది, కన్ను కారితే కారనీ, మూతి నిలబడితే చాలు. టిష్యూ తీసుకుని తుడుచుకుంటూ, కార్నెట్ వాయిస్తుంటే ఒక కన్ను కారడం ఎక్కడో చూశానే అనుకుంది.

ఎక్కడో ఏమిటి. ఎర్రకోట్లకు బదులు నల్లకోట్లలో బ్యాండువాళ్ళు, మట్టి రోడ్డు, ముందు కార్నెట్, వెనక శవపెట్టె. పదేళ్ళ పిల్ల నీళ్ళ బాటిలు మోస్తూ నాన్న పక్కన నడిచింది ఆ రోజు. చావు మేళాలకు మూడు మండలాల నుంచి ఎలియేజరునే పిలిచేవాళ్ళు, ఎందుకంటే ఎలియేజరు ఏడుస్తూ వాయిస్తాడు. డబ్బుకు ఊదే బ్యాండువాళ్ళు చాలామంది ఉన్నారు, పోయినవాడెవరో తెలియకపోయినా కన్నీళ్ళు కార్చేవాడు ఒక్క ఎలియేజరే అనేవాళ్ళు. ఆ రోజు సమాధి దగ్గర అంతా అయిపోయాక ఒక ముసలమ్మ వచ్చి నాన్న రెండు చేతులూ పట్టుకుంది. "నా కొడుకు కోసం తోడబుట్టినోళ్ళే ఏడవలేదయ్యా. నువ్వేడిచావు." నాన్న తిరుగుదారిలో రోడ్డు పక్కన బోరింగు దగ్గర ఆగి మొహం కడుక్కున్నాడు, కండువాతో ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను ఒత్తుకున్నాడు. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే, ఏడిచాననుకోనీలే, ఆమెకదే ఊరట అన్నాడు. ఏడ్చావు కదా మరి, అనుకోనీ అంటాడేమిటి అని పదేళ్ళ ఎస్తేరు అనుకుంది, తర్వాత మర్చిపోయింది. ముప్ఫైమూడేళ్ళు మర్చిపోయింది.

టిష్యూ చేతిలోనే ఉంది. ఎడమ కన్ను. నాన్న ఏడిస్తే ఎడమ బుగ్గ మీదే చార ఉండేది, ఎప్పుడూ. అంత పక్షపాతంగా ఎవరు ఏడుస్తారు? పెళ్ళిలో వాయించినా కారేది, అప్పుడు సంతోషంతో అనేవాళ్ళు. తేగ తింటున్నా కారేది, అప్పుడు ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఎస్తేరు లేచి టీవీ పైనున్న ఫొటో దగ్గరికి వెళ్ళింది. అద్దం మీద అప్పుడే దుమ్ము పొర, వేలితో తుడిచింది. ఎర్రకోట్లలో పన్నెండు మంది, మధ్యలో నాన్న కార్నెట్ ఎత్తి పట్టుకుని. ఏళ్ళ తరబడి రోజూ చూస్తున్న ఫొటో. కార్నెట్ ఓరగా ఉంది. ముక్కుకు సూటిగా లేదు, గుబురు మీసం కింద మౌత్‌పీసు బాగా ఆయన కుడివైపుకు జరిగి ఉంది. అది మాస్టారి స్టైలు అనేవాళ్ళు బ్యాండులో. కొత్తగా చేరిన సైమన్ ఆ స్టైలు చూసి తనూ ఓరగా పట్టుకుంటే డ్రమ్ము కర్రతో మోకాలి మీద ఒకటి పడింది కూడా. నువ్వు నడుమ పెట్టరా, నన్ను చూడమాక. నన్ను చూడమాక! చీకట్లో చెవి మెలిపెట్టింది అందుకా. అమ్మ ఎప్పుడూ చెప్పే మాట ఒకటి, నువ్వు పుట్టిన ఏడు మీ నాయనకి మూణ్ణెల్లు పంటినొప్పి, ఒక్క బుకింగు ఒప్పుకోలా, తలకి మఫ్లరు చుట్టుకుని ఇంట్లోంచి బయటికి రాలా. ఇంట్లో అందరికీ అదొక నవ్వులాట, పిల్ల పుడితే తండ్రికి నొప్పులొచ్చాయని. పంతొమ్మిదేళ్ళుగా నర్సు పని చేస్తున్న మనిషి ఫొటో ముందు నిలబడి మొదటిసారి ఆలోచించింది, మూడు నెలలుండే పంటినొప్పి ఏ పంటికి వస్తుంది?

నవ్వొచ్చింది ముందు. దుమ్ము నోట్లోకి పోయి దగ్గొచ్చింది, దగ్గుతూ నవ్వింది. ఆయనకు మఫ్లరు, నాకు మాస్కు. ఆయనకు పంటినొప్పి, నాకు ఎలర్జీ. ఓరి నాయనా, నాకొక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది! ఎందుకు చెబుతాడు, మూతి వంకర పోయినవాడిని పెళ్ళికి ఎవరు పిలుస్తారు, శకునం కాదంటారు. బ్యాండు పన్నెండు మందిదీ, పన్నెండు ఇళ్ళలో పొయ్యి వెలగాలి. అందుకని మీసం పెంచాడు, కార్నెట్ ఓరగా తిప్పాడు, అది స్టైలు అనిపించాడు, కారే కంటిని జనం కన్నీరనుకుంటే అనుకోనిచ్చాడు. వాయించడం మాత్రం ఆపలేదు. ఆ మాట దగ్గర ఎస్తేరు నవ్వు ఆగిపోయింది. ముప్ఫై ఐదేళ్ళకు పైగా ఆయన పై స పక్కనించే పలికించాడు. పక్కకి పోతే జన్మలో పలకదని కూతురికి చెప్పిన మనిషి. చెప్పింది అబద్ధం కూడా కాదు, బాగున్న మూతికి నడుమే సరి. తనలా కాకుండా ఉండాలని తన కూతురికి బాగున్న మూతి పాఠం చెప్పాడు, బాగోని మూతి పాఠం చెప్పాల్సి వస్తుందనుకోలేదు. తొమ్మిది వారాలు ఆయన మాట జవదాటకుండా నడుమనే పెట్టుకుని ఏడ్చింది, ఆయన్ను ఒక్కసారి తేరిపార చూడకుండా.

ఫొటో ముందు నిలబడే కార్నెట్ ఎత్తింది. ఎంత పక్కకి? నాన్న మీసం అడ్డొచ్చింది. అంత, దాదాపు అంత. మౌత్‌పీసు కుడికి జరిపింది, పెదాలకు అదెవరి ఇల్లో తెలియనట్టు బెరుగ్గా ఉంది. ఎముకల్లోంచి నడుమ, నడుమ అని ఆయన గొంతే అరుస్తోంది. నిన్ను చూస్తున్నాను నాన్నా, ఇవాళ్టికి వినను అనుకుంది. స. స వచ్చింది, గొణుగుడు కాదు, శుభ్రంగా. వదులుగా ఉన్న ఎడమ మూల ఇప్పుడు దూరంగా ఉంది, దానితో పని లేదు, ఉన్న బలమంతా కుడి పెదానిదే. ప. నిలబడింది. నాలుగు, ఐదు, ఆరు లెక్కపెట్టింది, గాలి ఎక్కడా కారలేదు. ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఆగినందుకు భయపడి, మళ్ళీ పెట్టి, బిగించి, కడుపులోంచి పంపింది. పై స గదిలోకి వచ్చి నిలబడింది. కాస్త గరుకుగా, అంచుల్లో దుమ్ము పట్టినట్టు ఉంది, కానీ నిలబడింది, ఫొటో అద్దం చిన్నగా అదిరింది. ఎనిమిది, తొమ్మిది, పది. దించి కుర్చీలో కూలబడింది. తొమ్మిది వారాల నుంచి ఎత్తి పట్టుకున్న భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి. ఉంది, పోలేదు. పైకే అంది, ప అచ్చంగా ప లాగే పలికింది. పోలేదు, పోలేదు అని నాలుగైదు సార్లు అనుకుంటూ నీళ్ళమీట నొక్కి కార్నెట్‌లో చేరిన ఊపిరి తడి దులిపింది, నేల మీద దుమ్ములో చిన్న మచ్చ పడింది.

తర్వాత ఈస్టరు పాట మొదలుపెట్టింది. మొదటిసారి సగంలో జారిపోయింది, రెండోసారి చరణం దాకా వెళ్ళింది, మూడోసారి కళ్ళు మూసుకుంది. నడుస్తున్నట్టుంది. సున్నం వాసన, మైనం వాసన, చెప్పుల కింద తడి గడ్డి, పక్కన ఆయన నడక, కుడికాలు కాస్త బరువుగా వేసే నడక. సమాధుల మధ్య నడుస్తూ ఆయన తల తిప్పడు, ఎవరి సమాధి ముందూ ఆగడు, అందరికీ సమానంగా వాయించుకుంటూ పోతాడు. ఆయనది కూడా ఇప్పుడు ఆ వరసలోనే ఉంది, చివర, గోడ పక్కన. నిరుడు తమ్ముడు సున్నం వేయించి ఫొటో పంపాడు. అక్కడ ఈసారి ఎవరు వాయిస్తారో తెలియదు, బ్యాండే లేదు. ఇక్కడ వాయిస్తానులే నాన్నా. అక్కడికి వినపడకపోతే నేనేం చేసేది, ఎంత గాలి ఉన్నా సముద్రాలు దాటదు కదా. ఓరగానే వాయిస్తాను, అందరూ చూస్తారు, ఏమిటి ఎస్తేరక్కా కొత్త స్టైలు అంటారు. స్టైలు కాదమ్మా, మూతి చెడి బాగుపడింది అని చెబుతాను, మాస్కు తీసి మరీ చెబుతాను, పాపం అంటే అననీ. మా నాన్నకీ అంతే అని కూడా చెబుతాను, ఇప్పుడాయనకు పోయే బుకింగులేం లేవు. ఎడమ కన్ను కారుతోంది, కారనిచ్చింది. చివరి పై స ఊపిరున్నంతసేపు పట్టుకుని మెల్లగా వదిలేసింది.

వదిలేశాక నిశ్శబ్దం. కళ్ళు తెరిచింది. గాలి లేదు. ఎప్పుడు ఆగిందో, మొదటి చరణంలోనో రెండో చరణంలోనో. కిటికీ అవతల ఎదుటి బిల్డింగు తిరిగొచ్చింది, మట్టిరంగు పూసుకుని, దాని బాల్కనీలో ఎవరో ఆడమనిషి చీపురు పట్టుకుని ఇటే చూస్తూ నిలబడింది. అంటే ఇంతసేపూ తువ్వాళ్ళ మీదుగా, తలుపు కింది దుప్పటి మీదుగా, వీధంతా వినపడిందన్నమాట. సిగ్గుపడదామనుకుంది గానీ ఎందుకో సిగ్గు రాలేదు.

తలుపు దగ్గర జయకర్ ఉన్నాడు. తలుపు తెరిచిన చప్పుడు కూడా వినలేదు. సిత్రాలో చమురు ట్యాంకుల దగ్గర పని ఆపేశారనీ, గాలి తగ్గాక బయల్దేరతాననీ రెండింటికి ఫోను చేసిన మనిషి, కనుబొమ్మలతో సహా బూడిదరంగులో ఉన్నాడు. అన్నం డబ్బా చేతిలోనే ఉంది.

"ఎప్పుడొచ్చారండీ?"

"ఇందాకే. కింద కారు దిగంగానే ఇనిపించింది. లిఫ్టు ఎక్కితే ఆగిపోద్దేమోనని మెట్లెక్కొచ్చా." దగ్గరికొచ్చి మొహంలోకి చూశాడు. "బానే వాయించావుగా. మరి ఏడుపెందుకు?"

"ఏడుపు కాదండీ, నరం. దారి తప్పింది. మూతి బిగిస్తే ఎడమ కన్ను దానంతటదే కారుద్ది. మా నాన్నక్కూడా అంతే, తర్వాత చెబుతా, పెద్ద కథ."

జయకర్ దుమ్ము చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు, చొక్కా ఇంకా దుమ్ముగా ఉందని చూసుకుని ఆ పని మానేశాడు.

"ఎడమ కన్ను సరే," అన్నాడు. "మరి కుడిది?"

ఎస్తేరు కుడి బుగ్గ తడిమి చూసుకుంది. తడిగా ఉంది. బోరింగు దగ్గర కండువా ముందు ఎడమ కంటికి, తర్వాత కుడి కంటికి వెళ్ళడం గుర్తొచ్చింది. కార్నెట్‌ను ఒళ్ళో పెట్టుకుని రెండు కళ్ళూ పైట కొంగుతో ఒత్తుకుంది.

"స్టెల్లాకు మెసేజి పెట్టండి," అంది. "బటను అక్కర్లేదని."